పదిహేనో టికెట్

మా చెల్లెలి మొగుడు తాతబ్బాయి నా దగ్గర పద్నాలుగు విమానం టికెట్లు తీసుకున్నాడు. పదిహేనోది ఫోన్లో తీసుకున్నాడు. అదీ తను తీసుకోలేదు. మా చెల్లెలు తీసింది.

పోయిన వేసవి సంగతి ఇది. రాజోలు సెంటర్లో నాకు ట్రావెల్స్ ఆఫీసు ఉంది. ఇరవై ఆరేళ్ళుగా గల్ఫ్ వెళ్ళేవాళ్ళకి టికెట్లు అమ్ముతున్నాను. ఒకప్పుడు నా గుమ్మం ముందు చెప్పులు విడవడానికి చోటుండేది కాదు. మస్కట్ వెళ్ళేవాడైనా, కువైట్ వెళ్ళేవాడైనా నా బల్ల ముందు కూర్చుని, నేను తలెత్తేదాకా ఆగేవాడు. ఇప్పుడు జిరాక్సు కోసం వస్తున్నారు. నిలబడే తీయించుకుని పోతున్నారు.

నా భార్య వీరాయమ్మ పోయి నాలుగేళ్ళయింది. మాకు పిల్లల్లేరు. రాత్రి భోజనం చెల్లెలు అప్పాయమ్మ ఇంట్లో. రెండిళ్ళకీ మధ్య తాటాకు దడి ఒకటే అడ్డం. చీకటి పడగానే దడి దాటి వెళ్ళేవాడిని. తినేవాడిని. వచ్చేసేవాడిని.

ఏప్రిల్లో ఒకరోజు అప్పాయమ్మ నాకు అన్నం వడ్డించి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"అన్నయ్యా, మేం దుబాయ్ వెళ్తున్నాం. నేనూ ఆయనా. వచ్చే నెల్లో."

"ఎందుకు?"

"చూడ్డానికి."

"చూడ్డానికి అక్కడేముంది? బావ పందొమ్మిదేళ్ళు చూసేడుగా."

"ఆయన చూసేరు. నేను చూళ్ళేదుగా."

తాతబ్బాయి పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటూ నవ్వాడు. "నేనూ చూళ్ళేదండి బావగారూ. నీళ్ళ ట్యాంకరు అద్దంలోంచి ఎంత కనబడితే అంతే."

"సరే. పాస్‌పోర్టులు రేపు షాపుకి పంపించు. ఏ విమానం మంచిదో చూస్తాను."

ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"టికెట్లు తీసేసేనన్నయ్యా," అంది అప్పాయమ్మ. "మొన్న మంగళవారం. నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని."

పప్పులో ఉప్పు ఎక్కువైందన్నాను. ఎక్కువ కాలేదు.

అప్పాయమ్మ ఏడో క్లాసు చదివింది. తాతబ్బాయి దుబాయ్‌లో ఉన్నన్నాళ్ళూ దాని సంసారం ఫోన్లోనే నడిచింది. మొదట్లో వారానికోసారి మా ఇంటికి వచ్చి మాట్లాడేది. తర్వాత దానికో ఫోను పంపాడు. ఆ తర్వాత బొమ్మ కనబడే ఫోను పంపాడు. పొయ్యి మీద కూర పెట్టి, ఫోను డబ్బాకి ఆనించి, ఆయన అక్కడ రొట్టె కాల్చుకుంటుంటే ఇక్కడినుంచి మాడిపోతోందని కేకేసేది. "పందొమ్మిదేళ్ళు నా మొగుడు ఈ ఫోనే కదమ్మా, దీని గుణాలు నాకు తెలీవా," అని వీధిలో ఆడవాళ్ళతో అంటుంది. వాళ్ళు నవ్వుతారు. అదీ నవ్వుతుంది.

ఆ నెలంతా వాళ్ళిద్దరూ అరుగు మీద చేరి హోటల్ వెతికారు. నేను తింటుంటే మాటలు వినబడేవి.

"ఇదిగో, ఇది చూడండి. మంచం మీద తువ్వాలుతో హంసని చేసేరు."

"మనకెందుకే హంస. బాత్రూం చూపించు."

"ఏసీ మోత పెడతాందని ఎవరో రాసేరండి. కేరళావిడ. రెండు చుక్కలే ఇచ్చింది."

"మన ఇంట్లో ఫ్యానుకి నువ్వెన్ని చుక్కలిస్తావు?"

"ఫ్యానుకి ఇత్తాను గానీ, గురకకి ఇవ్వను."

ఒకరోజు తాతబ్బాయి ఉన్నట్టుండి ఫోను లాక్కున్నాడు. "ఇదే. ఈ బిల్డింగే. దీని వెనక గేటు దగ్గర నాలుగేళ్ళు ట్యాంకరు ఆపేనండి బావగారూ. నీళ్ళు వదిలేసి పోవడమే. ఓసారి ఎండకి తట్టుకోలేక లోపల మెట్ల మీద కూర్చుంటే వాచ్‌మన్ లేపేసేడు."

"అయితే ఇదే తీద్దాం," అంది అప్పాయమ్మ. "ముందు గేటులోంచే వెళ్దాం. పైన, అంతా కనబడే గది."

"బాగా ఎక్కువేమో."

"ఎండల్లో ఎవరూ రారంట. సగానికి సగం తగ్గించేరు. చూడండి, రాసేడు. వద్దనుకుంటే ముందురోజు దాకా మానుకోవచ్చంట కూడా."

దాని వేలు తెర మీద పాకింది. అంతే. గది వాళ్ళదైపోయింది. నేనైతే అలాంటి గదికి హైదరాబాద్‌లో ఒకడికి, బొంబాయిలో ఇంకొకడికి ఫోన్లు చేయాలి. రెండు రోజులు పట్టేది. ఆ రెండు రోజులూ తాతబ్బాయి నా గుమ్మం ముందు తిరిగేవాడు.

నేను చెయ్యి కడుక్కుని వచ్చేశాను. దడి ఇవతల చీకట్లో కాసేపు నిలబడ్డాను. అవతల ఇద్దరి తలలూ ఆ చిన్న వెలుతురు మీదికి వంగి ఉన్నాయి. అరవై ఏళ్ళ మనిషి, యాభై అయిదేళ్ళ మనిషి. ఆ వయసులో మొగుడూ పెళ్ళాం అంత దగ్గరగా కూర్చోవడం నాకు అసహ్యంగా తోచింది. అసహ్యం అని అప్పుడు అనుకున్నాను.

వీరాయమ్మకి నేను పాస్‌పోర్టు చేయించాను. ఎక్కడికో తీసుకెళ్ళడానికి కాదు. ఫారం ఎలా నింపాలో కొత్తవాళ్ళకి చూపించడానికి ఒక నమూనా కావలసి వచ్చింది. దాని ఫారం జిరాక్సు తీసి షాపులో బల్ల అద్దం కింద పెట్టాను. పుస్తకం వచ్చాక వీరాయమ్మ దాన్ని పసుపు రాసిన గుడ్డలో చుట్టి పెట్టెలో దాచుకుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అడిగింది. "ఎక్కడికైనా సరేనండి. పొద్దున్నెళ్ళి సాయంత్రం వచ్చేద్దాం. ఎక్కడం దిగడం చూడాలనుంది." ఇది సీజను అన్నాను. నీకో సీటిస్తే పనికి వెళ్ళేవాడొకడు ఆగిపోతాడన్నాను. ఆ పుస్తకం పదేళ్ళ గడువు తీరిపోయేనాటికి అందులో ఒక్క ముద్ర లేదు. ఏడాది తిరక్కుండా వీరాయమ్మ కూడా పోయింది.

మే మొదటి వారంలో గంగబాబు షాపుకి వచ్చాడు. కువైట్‌లో వంటవాడు. సెలవుకి వచ్చి తిరిగి వెళ్తున్నాడు. పాస్‌పోర్టు బల్ల మీద పెట్టాడు. నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

"ఎప్పటికి కావాలి?"

"జిరాక్సులండి. రెండు."

"టికెట్?"

"తీసేసుకున్నానండి. అప్పాయమ్మగారు దగ్గరుండి చూపించేరు. నేనే నొక్కేను." పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. "ఇంత తేలికని తెలిస్తే ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఇబ్బంది పెట్టకపోదునండి."

ఫోన్ టికెట్లు నమ్మడానికి లేదని, ఎయిర్‌పోర్టులో నిలబెట్టేస్తున్నారని, రావులపాలెం వాళ్ళిద్దరిని వెనక్కి పంపేశారని చెప్పాను. రావులపాలెం వాళ్ళు లేరు. అక్కడికక్కడ పుట్టించాను. గంగబాబు మొహం వాడిపోయింది. అది చూసి ఆ పూట హాయిగా నిద్రపోయాను.

మర్నాడు, మే ఎనిమిదో తారీఖున, తాతబ్బాయి వచ్చాడు. గంగబాబు చెప్పినట్టున్నాడు. ఫోను రెండు చేతులతో పట్టుకుని నా ముందు పెట్టాడు.

"మీ చెల్లెలికి తెలీకుండా వచ్చేనండి బావగారూ. తెలిస్తే తిడుతుంది. ఒక్కసారి మీరు చూసి పెట్టండి. పద్నాలుగు సార్లు వెళ్ళేనా, ఒక్కసారి కూడా నేను టికెట్ చదివిన పాపాన పోలేదు. మీరు చెప్పిన రోజుకి వెళ్ళిపోవడమే కదా."

చూశాను. పేర్లు సరిగ్గా ఉన్నాయి. పాస్‌పోర్టు నంబర్లు సరిపోయాయి. వీసా కూడా వచ్చేసింది. అప్పాయమ్మ ఎక్కడా తప్పు చేయలేదు. చివర్న విమానం టైము చూశాను. హైదరాబాద్ నుంచి. పద్దెనిమిది మే, సున్నా సున్నా యాభై అయిదు.

గల్ఫ్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే లేస్తాయి. విమానం వాడికి పన్నెండు దాటితే తారీఖు మారిపోతుంది. మనవాళ్ళకి తెల్లారితేనే మారుతుంది. రాత్రి పన్నెండున్నరకి పోయినవాడి తద్దినం దగ్గర కూడా మన ఇళ్ళలో తగువే. అందుకని నేను టికెట్ కవరు మీద ఎర్ర ఇంకుతో, తెలుగులో, ఇంటి దగ్గర బయలుదేరాల్సిన రోజు రాసిచ్చేవాడిని. బుధవారం పొద్దున్న బస్సు ఎక్కు, అని. విమానం తారీఖు వాళ్ళకి చెప్పేవాడినే కాదు. చెబితే గందరగోళం. ఇరవై ఆరేళ్ళలో నా మనిషి ఒక్కడికి కూడా విమానం తప్పిపోలేదు. ఎందుకు తప్పిపోలేదో ఒక్కడికీ తెలియదు.

"ఎప్పుడు బయల్దేరుతున్నారు?" అన్నాను.

"పదిహేడు సాయంత్రం మురమళ్ళలో కల్యాణం చేయిస్తున్నామండి, వీరేశ్వరస్వామికి. నేను ఒంటి మీద దెబ్బ లేకుండా తిరిగొత్తే చేయిస్తానని మీ చెల్లెలు ఎప్పుడో మొక్కుకుందంట. ఆ బాకీ తీర్చుకుని, పద్దెనిమిది తెల్లారగట్ల కారు. సాయంత్రానికల్లా ఎయిర్‌పోర్టు. రాత్రి విమానం."

"రాత్రి విమానం," అన్నాను.

"ఆయ్."

ఫోను అతని చేతిలో పెట్టాను. "అంతా సరిగ్గానే ఉంది."

తాతబ్బాయి దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "మీరు చూసేరు. ఇంక నాకు ధైర్యం."

నోరు జారి అన్నమాట కాదది. ఆ తర్వాత తొమ్మిది రోజులున్నాయి. తొమ్మిది రోజులూ వాళ్ళింట్లోనే తిన్నాను.

అప్పాయమ్మ ఆ ఏడు ఆవకాయ ముందే పెట్టేసింది. ఊరికి వెళ్ళొచ్చి పెట్టుకోవచ్చు కదా అంటే, "నువ్వేం తింటావు నాలుగు రోజులూ," అంది. కందిపొడి కొట్టింది. కొబ్బరి పొడి కొట్టింది. ఎదురింటి లావణ్యకి అప్పజెప్పింది, మా అన్నయ్యకి పూటకింత వేడన్నం పంపించు, చారు పలచగా ఉంటే తినడు అని. తాతబ్బాయి అమలాపురం వెళ్ళి బూట్లు కొనుక్కొచ్చాడు. అప్పాయమ్మకి కూడా కొన్నాడు. అది వీధిలో వేసుకుని నడవడానికి సిగ్గుపడి, వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వంటింట్లోకి నడిచి చూసుకుంది.

"ఎలా ఉన్నాయన్నయ్యా?"

"కరుస్తాయి."

"కరవనీ. నేనూ తొక్కుతాను."

చెప్పడానికి ఒక్క ముక్క చాలు. పద్దెనిమిదిన కాదు, పదిహేడు తెల్లారగట్లే బయల్దేరండి. కల్యాణం ఒకరోజు ముందుకి జరుపుకోండి. ఆ ముక్క నోటిదాకా రాలేదని అనను. రోజూ వచ్చింది. వచ్చినప్పుడల్లా, అది చెబితే ఏమవుతుందో కూడా కనబడేది. అప్పాయమ్మ నాలిక కరుచుకుంటుంది, తారీఖు మారుస్తుంది, ఇద్దరూ నవ్వుకుంటారు, అన్నయ్య ఉండబట్టి సరిపోయింది అంటారు. తర్వాత వెళ్ళి ఆ గదిలో కిటికీ దగ్గర కూర్చుంటారు. నేను అన్నం మీద చారు పోసుకునేవాడిని.

పదిహేడో తారీఖు పొద్దున షాపు తీశాను. రాజోలు నుంచి హైదరాబాద్‌కి కారులో తొమ్మిది గంటలు పడుతుంది. విమానానికి మూడు గంటలు ముందుండాలి. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే ఇక అందదు. పదకొండుకి గడియారం చూశాను. పదకొండున్నరకి చూశాను. ఎవరో ఆధార్ జిరాక్సు అడిగితే రెండుసార్లు తప్పు తీశాను. పన్నెండయింది. ఒంటిగంట దాటింది. ఇంక చెప్పినా లాభం లేదని అనుకోగానే గుండె మీంచి బరువు దిగినట్టయింది. షాపు మూసి, ఇంటికెళ్ళి పడుకున్నాను.

నాలుగింటికి తాతబ్బాయి పట్టుపంచె కట్టుకుని దడి దగ్గరికి వచ్చాడు. "రండి బావగారూ మురమళ్ళకి. పెళ్ళికూతురి అన్నగారు మీరు రాకపోతే ఎలాగండి?"

తలనొప్పి అన్నాను. అప్పాయమ్మ లోపల్నుంచి వచ్చి అమృతాంజనం ఇచ్చి వెళ్ళింది.

మర్నాడు తెల్లారకముందే కారు వెళ్ళిపోయింది. నేను నిద్ర నటించాను.

పదకొండు దాటాక ఫోను మోగింది. అప్పాయమ్మ. వెనకాల లారీల మోత.

"అన్నయ్యా, సూర్యాపేట దగ్గరున్నాం. సీట్లు చూసుకుందామని ఇప్పుడే ఫోను తీసేను. విమానం రాత్రే వెళ్ళిపోయిందంట."

"అయ్యో."

"రాత్రి గుళ్ళో ఉన్నప్పుడు మెసేజీలు వచ్చేయి. చూసుకోలేదు." ముక్కు చీదిన చప్పుడైంది. "ఆ రోజు ఆయన టికెట్ తెచ్చి నీకు చూపించేరంటగా."

"ఆఁ. చూసేను."

"కళ్ళజోడు పెట్టుకునే చూసేవా?"

నేను తడుముకోలేదు. "పెట్టుకునే."

లారీ ఒకటి పోయింది. ఇంకొకటి పోయింది.

"సరే," అంది. పెట్టేసింది.

ఆ సాయంత్రం వాళ్ళ కోసం వీధి గుమ్మంలో కూర్చున్నాను. ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. నాతో తీయించుకుని ఉంటే ఇలా అయ్యేదా, అని మెల్లగా, మందలించినట్టు. ఒకప్పుడు విమానం తప్పిపోతే నెల్లాళ్ళు తిరగాలి. వీసా పోతుంది, గది పోతుంది. అన్నీ మళ్ళీ మొదటికి వస్తాయి. వాళ్ళు మళ్ళీ నా బల్ల ముందుకి రావాలి.

కారు రాలేదు. మర్నాడు డ్రైవరు ఒక్కడే వచ్చాడు.

"టీ కొట్టు దగ్గర కూర్చున్నామండి," అన్నాడు. "అమ్మగారు ముందు కాసేపు ఏడిచేరు. తర్వాత మొహం కడుక్కుని ఫోను తీసేరు. రెండు టీలు తాగేలోపు వేరే టికెట్లు తీసేసేరండి. హోటలుకి కూడా రాసేరంట, ఒకరోజు ఆలస్యంగా వత్తామని. ఈపాటికి దిగిపోయి ఉంటారు."

లావణ్య పంపిన చారు పలచగా ఉంది. తిన్నాను.

ఫోటోలు నాకు రాలేదు. గంగబాబు ఫోన్లో చూశాను. కువైట్ ప్రయాణానికి ఇంకా రెండు రోజులుందని వీడ్కోలు చెప్పడానికి వచ్చాడు. నిలువెత్తు అద్దం కిటికీ, దాని అవతల తెల్లటి ఎండలో అంత పెద్ద ఊరు. ఇవతల ఇద్దరు. తాతబ్బాయి చెయ్యి అప్పాయమ్మ భుజం మీద ఉంది. ఫోటో పెద్దది చెయ్యమన్నాను. గంగబాబు చేశాడు. ఇంకా అన్నాను. చివరికి భుజమూ, నాలుగు వేళ్ళూ తప్ప ఏమీ కనబడలేదు.

"బాగా వచ్చేరు కదండీ," అన్నాడు గంగబాబు.

వాళ్ళు తిరిగొచ్చిన మర్నాడు పొద్దున అప్పాయమ్మ దడి దగ్గర నిలబడి పిలిచింది. ఇవతలికి రాలేదు.

"ఆయనకి చెప్పలేదు," అంది. "నీకు చూపు ఆనలేదని, పొరబడ్డావని చెప్పేను. నమ్మేరు. నువ్వూ అదే చెప్పు."

"నా చూపు బాగానే ఉంది."

"తెలుసు."

దడి మీద ఆకు ఒకటి ఊడి ఉంటే లోపలికి దోపింది.

"పందొమ్మిదేళ్ళు అక్కడ దిగుల్లేకుండా పడుకున్నానంటే, ఇక్కడ మీ అన్నయ్య ఉన్నారనే కదా అంటారాయన. మొన్న విమానంలో కూడా అన్నారు. అది పోతే ఆయనకి ఇంకేం మిగల్దు ఆ పందొమ్మిదేళ్ళలో. నీ కోసం కాదు. వదిన పాస్‌పోర్టు సంగతి నాకు తెలుసు. నువ్వు నాతో ఏడిస్తే నేనూ ఏడుద్దును. నువ్వు అలా చేసేవు. అన్నం పంపిస్తాను. మా ఇంటికి రాకు."

వెళ్ళిపోయింది. అంతకన్నా ఎక్కువ తిడుతుందనుకున్నాను.

వానలు పడ్డాయి. రాజోల్లో నా పేరుకి కొత్త సంగతి ఒకటి తోడైంది. తాతబ్బాయి జాలిగా, మంచితనంతో, టీ కొట్టు దగ్గరా మంగలి షాపు దగ్గరా చెబుతున్నాడు. పాపం బావగారికి కళ్ళు తగ్గేయండి, టికెట్ మీద టైము ఆనలేదు, మనమే జాగ్రత్తగా చూసుకోవాలి అని. ఇరవై ఆరేళ్ళ పనిలో నేను ఒక్క తప్పు చేయలేదు. ఆ ఒక్కటీ తప్పు కాదని చెప్పుకోవడానికి లేదు. రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ దడి అవతల అప్పాయమ్మ గిన్నెలు తోముతూ తలెత్తి చూసింది.

రాత్రి అన్నం క్యారేజీలో వస్తుంది. తాతబ్బాయి తెస్తాడు. పెట్టేసి పోడు. ఒక్కరూ తింటే సయించదని, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. గిన్నెలు తనే విప్పుతాడు. నేను తిన్నంతసేపూ దుబాయ్ చెబుతాడు. వాచ్‌మన్ తలుపు తీసి సలాం కొట్టిన సంగతి రోజూ చెబుతాడు. లిఫ్టులో చెవులు మూసుకుపోయి అప్పాయమ్మ తన చెయ్యి పట్టుకున్న సంగతి చెబుతాడు. ఆపమని అనలేను. ఎందుకంటే చెప్పలేను.

నిన్న కొత్తది చెప్పాడు. మొదటి రోజు తెల్లవారుజామున లేచి చూస్తే పక్క మీద అప్పాయమ్మ లేదట. కిటికీ దగ్గర నేల మీద కూర్చుని, కింద వెనక గేటు వైపు చూస్తోందట. ఏమిటే అంటే, మీరు ట్యాంకరు ఎక్కడ ఆపేవారో సరిగ్గా చూపించండి అందట. వెలుతురు వచ్చేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారట.

"ఏం మాట్లాడుకోలేదండి," అన్నాడు తాతబ్బాయి. "ఊరికే కూర్చున్నాం."

నేనేదో అంటానని ఆగాడు.

"మజ్జిగ తెచ్చేవా?" అన్నాను.

"తెచ్చేనండి," అని గిన్నె మూత తీశాడు.